బాణీ ఎవరిది

పాత తెలుగు సినిమా పాటల పుస్తకాలు తిరగేసే అలవాటున్నవారికి ఒక సంగతి ఈపాటికే తట్టి ఉంటుంది. చిత్రం పేరు, రచయిత, గాయని, సంగీతం అన్న వరుసలో గాయని దగ్గర తప్ప ఆడపేరు కనబడదు. సంగీతం అన్న చోట ఏళ్ళ తరబడి మగవారే. 1954లో విడుదలైన "చక్రపాణి" దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపు ఆగుతుంది. అక్కడ పాడినవారి పేరూ, బాణీ కట్టినవారి పేరూ ఒకటే: పి. భానుమతి.

నటి భానుమతి గురించి రాసినవారు కొల్లలుగా ఉన్నారు. ఆమె ఠీవి గురించి, మాట పదును గురించి, అత్తగారి కథల హాస్యం గురించి ఇంకొకరు కొత్తగా చెప్పవలసింది అంతగా లేదు. నేను రాయదలచుకున్నది ఆ సంగీతం అన్న ఒక్క మాట పక్కన నిలిచిన పేరు గురించి, ఆ తరువాత మూడు దశాబ్దాలకు మద్రాసులో ఆమె అధిష్ఠించిన ఒక కుర్చీ గురించి. మధ్యలో మా ఊరు వస్తుంది, మా అమ్మ వస్తుంది. వారిని తప్పించి ఈ విషయం రాయడం నాకు చేతకాదు.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టారు. ఇప్పుడది ప్రకాశం జిల్లా. కానీ ఆ జిల్లా 1970లో గదా ఏర్పడింది, అంతకు ముందు ఒంగోలు ప్రాంతమంతా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మా ఊరూ గుంటూరు జిల్లాయే (2022 నుంచి బాపట్ల జిల్లా). ఒంగోలు నుంచి బెజవాడ వైపు వెళ్ళే పాసింజరు చీరాల దాటాక, బాపట్ల చేరకముందు, ఒక చిన్న స్టేషనులో ఆగుతుంది. పసుపు పలక మీద నల్లటి అక్షరాలతో స్టూవర్టుపురం అని ఉంటుంది. ఒకే జిల్లా, ఒకే రైలు దారి, ఒకే సముద్రపు గాలి. అయితే ఆ రెండు ఊళ్ళలో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకు సంగీతం దక్కిన తీరు ఒకటి కాదు.

దొడ్డవరం పిల్లకు గురువు ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు శాస్త్రీయ సంగీతం ఎరిగినవారు, స్వయంగా పాడేవారు. తల్లి సరస్వతమ్మ గారు. కూతురికి పాట నేర్పినది తండ్రే. ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇంట ఆడపిల్ల పాడితే పెళ్ళిచూపుల దాకా పాడాలి, అటుపైన పూజగదిలో పాడుకోవాలి. వెంకటసుబ్బయ్య గారు ఆ హద్దు దాటించి కూతురి చేత సినిమాలో పాడించడానికి ఒప్పుకున్నారు. సి. పుల్లయ్య గారి "వరవిక్రయం" 1939లో వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం అది, కట్నం దురాచారం మీద. అందులో కాళింది వేషం కట్టేనాటికి ఆ పిల్లకు పధ్నాలుగేళ్ళు నిండలేదో, అప్పుడే నిండాయో. కథానాయకుడు కూతుర్ని తాకరాదని తండ్రి షరతులు పెట్టేవాడని చెప్పుకుంటారు. ఆ షరతులను తలచుకుని ఇవాళ నవ్వుకోవచ్చు. కానీ పాట మీద మాత్రం ఆయన ఏ షరతూ పెట్టలేదు, అది గమనించాలి.

ఇక మా ఊరు. స్టూవర్టుపురం అనగానే మీ మనసులో ఏం మెదిలిందో నాకు తెలుసు. ఆ పేరుతో 1991లో ఒక సినిమా వచ్చింది, 2023లో మా ఊరివాడి పేరు మీద మరొకటి వచ్చింది. మధ్యలో వచ్చిన కథలకూ నవలలకూ లెక్క లేదు. దొంగల ఊరు. ఊరు పుట్టకముందే ఆ పేరు పుట్టింది మరి. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పూ ధాన్యమూ గాడిదల మీద వేసుకుని సముద్రతీరం నుంచి మెట్ట ప్రాంతాలకు తిరిగి అమ్ముకునే జాతి. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, వారి వర్తకం కూలిపోయింది. కడుపు చేత పట్టుకుని తిరిగేవారిని చూసి ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్ర వేసింది. 1871 నాటి చట్టం 1911లో సవరణ పొంది మద్రాసు రాజధానికీ వర్తించింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ వారి పర్యవేక్షణలో ఒక సెటిల్మెంటు పెట్టి, గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు దొరగారి పేరు దానికి పెట్టారు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు, హాజరు పలకాలి. కొందరికి పొలం ఇచ్చారు, కొందరు చీరాల పొగాకు కంపెనీకి పనికి పోయారు. మా తాత ఆ రెండో రకం. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయింది. పేరు మిగిలింది. తాము ఎక్కిన రైలే తమ వర్తకాన్ని మింగిందని తెలియక, మావాళ్ళు ఆ స్టేషనులోనే టిక్కెట్టు కొనుక్కుని ఊళ్ళకు పోతుండేవారు.

మా నాయనమ్మ సోది చెప్పేది. చేతిలో కర్ర, చంకలో బుట్ట, నుదుట రూపాయి కాసంత బొట్టు. సోది అంటే భవిష్యత్తు చెప్పడం అని అందరూ అనుకుంటారు గానీ, నేను విన్నంతలో అది మొదట పాట. దేవతలనందరినీ వరసగా పిలవాలి, ఊరూరి అమ్మవార్లను పేరుపేరునా తలవాలి, ఆ పిలుపులో ఒక సాగతీత, ఒక విరుపు, మళ్ళీ మొదటికి వచ్చే ఒక మలుపు. ఎదురుగా కూర్చున్న ఇల్లాలు పిల్లలు లేక ఏడుస్తున్నదా, మగడు కొడితే ఏడుస్తున్నదా అన్నదాన్ని బట్టి ఆ వరస మారేది. ఎవరు కట్టారు ఆ వరసను? ఆమె అత్త దగ్గర నేర్చుకున్నానంది. అత్త ఎవరి దగ్గర? ఆ ప్రశ్నకు ఆమె నవ్వి ఊరుకునేది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కర్ణాటక సంగీతంలో యదుకుల కాంభోజి అనే రాగం ఉంది. హరికాంభోజి జన్యం. శ్యామశాస్త్రి గారి మూడు ప్రసిద్ధ స్వరజతుల్లో ఒకటి ఈ రాగంలోనే ఉంది, మిగిలిన రెండూ భైరవి, తోడి. పాత గ్రంథాలలో ఈ రాగానికి ఎరుకల కాంభోజి అనే రూపం కనబడుతుంది. ఎరుకలవారి పాట వరసల నుంచి పుట్టిందని కొందరు సంగీతజ్ఞుల అభిప్రాయం. పేరు ఎరుకల నుంచి యదుకులకు ఎలా జరిగిందన్నది పండితులు తేల్చవలసిన విషయం. కానీ ఆ మాట మొదటిసారి చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా నాయనమ్మను వాకిట్లోనే కూర్చోబెట్టి గిద్దెడు బియ్యం పోసి పంపిన ఇళ్ళలో, లోపల శ్రుతి పెట్టె మీద ఆమె కులం పేరుగల రాగం మోగుతూ ఉండి ఉంటుంది.

మా అమ్మకు సోది రాలేదు. రానివ్వలేదు మా తాత. చదువుకోవాలన్నాడు. పొగాకు కంపెనీలో వారం వారం వచ్చే కూలిలోంచి పలకా బలపం కొన్నాడు. అమ్మకు పదమూడు, పధ్నాలుగేళ్ళ వయసులో, అంటే 1960ల నడుమ, సంగీతం నేర్చుకోవాలని పట్టుదల కలిగింది. అందుకు కారణం టూరింగు టాకీసులో చూసిన "మల్లీశ్వరి". 1951లో వచ్చిన బి. ఎన్. రెడ్డి గారి సినిమా ఆ పల్లెలకు వచ్చి చేరేసరికి బొమ్మ మీద గీతలు పడి ఉన్నా, పాట మీద గీత పడలేదని అమ్మ అంటుంది. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, భానుమతి గొంతు. మరునాడు అమ్మ మా తాతను అడిగిందట, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది అని. వాళ్ళ నాన్న దగ్గరేనట అని ఎవరో చెప్పారు. మా తాత తల వంచుకున్నాడు. తనకు రాదు గదా.

దగ్గరి పట్నంలో ఒక సంగీతం మాస్టారు ఉండేవారు. మా తాత బతిమాలి అమ్మను చేర్పించాడు. నెలన్నర పాటు సరళీ వరసలు, జంట వరసలు సాగాయి. ఆ మాస్టారు గొంతు బాగుందన్నారు. పిల్ల త్వరగా పట్టుకుంటుందన్నారు. ఒకనాడు పక్కనున్న విద్యార్థిని తల్లి ఎవరో, ఈ అమ్మాయి ఏ ఊరి నుంచి వస్తున్నదని అడిగారు. అమ్మ చెప్పింది. ఆ తరువాతి పాఠానికి వెళ్ళేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తీరిక ఉండడం లేదు, వేరే ఎవరినైనా చూసుకోండి అని లోపలి నుంచే మాట వచ్చింది. లోపల మిగతా పిల్లల వరసలు వినిపిస్తూనే ఉన్నాయి.

నాకు ఈ సంగతి అమ్మ చెప్పలేదు. మా పెద్దమ్మ చెప్పింది. నేను అడిగితే అమ్మ, "తీరిక లేదన్నారు, అంతే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అరవయ్యేళ్ళ తరువాత కూడా ఆమె ఆ మాటను మాస్టారు చెప్పిన రూపంలోనే ఉంచుకుంది. మార్చలేదు.

అటుపైన అమ్మ గురువు రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 చివర్లో మొదలైంది. మా వీధికి రేడియో వచ్చింది చాలా ఆలస్యంగా. పొద్దున భక్తిరంజని, ఆదివారం సంగీత పాఠం, మధ్యాహ్నం కార్మికుల కార్యక్రమంలో సినిమా పాటలు. అమ్మ చెవి పెట్టి విని, సంగతులు విడగొట్టుకుని, మళ్ళీ కలుపుకుని పాడుకునేది. భానుమతి పాటలంటే ఆమెకు ప్రత్యేకమైన గురి. ఇతరుల పాటలు వినిపిస్తే వినేది. భానుమతి పాట వినిపిస్తే చేతిలో పని వదిలేసేది.

భానుమతి కథకు మళ్ళీ వస్తాను. 1943లో ఆమె పాలువాయి శివరామ రామకృష్ణారావు గారిని పెళ్ళాడారు. ఆయన అప్పటికి సహాయ దర్శకుడు. 1945లో వచ్చిన "స్వర్గసీమ" ఆమె గొంతును ఇంటింటికీ చేర్చింది. ఆ పావురాల పాట గురించి తెలియని తెలుగువారు ఆ తరంలో లేరనే చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి కొడుకు భరణి పేరు మీద భరణీ పిక్చర్సు స్థాపించారు. "రత్నమాల" 1948లో, "లైలా మజ్ను" 1949లో వచ్చాయి. ఈ రెండింటికీ సంగీతం సి. ఆర్. సుబ్బరామన్. మెరుపులాంటి మనిషి. 1952లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. భానుమతి మొదటిసారి దర్శకత్వం వహించిన "చండీరాణి" (1953) సంగీతాన్ని ఆయన మొదలుపెట్టగా ఎం. ఎస్. విశ్వనాథన్ పూర్తి చేయవలసి వచ్చింది. ఆ చిత్రం తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ తీశారు. దక్షిణాదిన దర్శకత్వం చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

సుబ్బరామన్ పోయాక భరణీ సంస్థకు ఒక ఖాళీ ఏర్పడింది. ఆయన స్థానంలో ఎవరిని తెచ్చుకోవాలి? మద్రాసులో సంగీత దర్శకులకు కొరత లేదు. అదే 1954లో భరణీ వారు తీసిన "విప్రనారాయణ"కు రాజేశ్వరరావు గారు పనిచేశారు, అది ఆయన ఉత్తమ కృతులలో ఒకటి. కానీ "చక్రపాణి"కి మాత్రం భానుమతి తానే హార్మోనియం ముందు కూర్చున్నారు. ఇందులో నాకొక చమత్కారం కనబడుతుంది. శాస్త్రీయ సంగీతంలో దిట్ట అయిన మనిషి, ఆళ్వారు కథను, భక్తి కథను ఇంకొకరికి అప్పగించి, తాను హాస్య చిత్రాన్ని ఎంచుకుంది. బరువైన రాగాలు పరిచి పాండిత్యం చూపే అవకాశం చేతిలో ఉండగా, తేలికపాటి ఇంటి కథలో ఇమిడే బాణీల కోసం పూనుకుంది. కారణం నిర్మాణ సౌలభ్యమే కావచ్చు. అయినా ఆ ఎంపికలో ఒక ధీమా ఉంది.

కథ అందరికీ తెలిసినదే. పిసినారి ముసలి తాత చక్రపాణి (సి. ఎస్. ఆర్. ఆంజనేయులు) మునిమనవడు పుడితే ఆస్తి ఇస్తానంటాడు. పెళ్ళికాని మాలతి, పెళ్ళయినట్టూ బిడ్డ ఉన్నట్టూ నటించవలసి వస్తుంది. భర్త వేషానికి అక్కినేని. ఇక ఆ బిడ్డను ఊయలలో వేసి పాడాలి గదా. తనది కాని బిడ్డకు, తనకు లేని భర్త ముందు పాడే జోలపాట. హాస్యంగా కట్టవచ్చు, వెక్కిరింతగా కట్టవచ్చు. భానుమతి దాన్ని నిజమైన జోలపాటగానే కట్టింది. వినేవారు కథ మరచిపోతారు. స్థాయి ఎక్కువగా పైకి పోదు, గమకం ఉంది గానీ గమకం కోసం లేదు, ఏ ఇల్లాలైనా పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పాడుకోవచ్చు. నిజంగానే మా అమ్మ నన్ను అలాగే నిద్రపుచ్చింది. బాణీ కట్టినది పాడిన మనిషే అని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ కాలంలో సినిమా పాటకు బాణీ కట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. రచయితను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాటకు స్వరం, స్వరానికి మాట అమర్చాలి. ఫిడేళ్ళు, వేణువు, క్లారినెట్, తబలా వాయించే పాతికమందినో అంతకు మించినవారినో సమకూర్చి, రిహార్సళ్ళు చేయించి, తప్పు వాయించినవాణ్ణి ఆపి, సరిదిద్ది, మొదటి నుంచి మళ్ళీ వాయించమనాలి. ఒక్క మైకు ముందు అందరూ కలిసి ఒకేసారి వాయించి పాడాలి. ఎక్కడ పొరపాటు జరిగినా టేకు పోయినట్లే. వాయించేవారంతా మగవారు. చాలామందికి వయసులోనూ అనుభవంలోనూ ఆమె చిన్న. ఇదంతా చేయించి, ఆ వెంటనే మైకు ముందుకు వచ్చి తానే పాడాలి, ఆపైన కెమెరా ముందుకు వచ్చి తానే నటించాలి. ఒక స్త్రీ బాణీ కట్టిందనగానే వెనుక ఎవరో సహాయకుడు చేసి ఉంటాడులే అనుకునే గుణం మనలో నేటికీ పోలేదు. అదే సహాయకులు మగ సంగీత దర్శకులకూ ఉంటారు, అప్పుడు మాత్రం ఆ అనుమానం రాదు.

ఆ సినిమా పేరు గురించి తెనాలి వైపు ఒక ముచ్చట చెప్పుకుంటారు. విజయా సంస్థ చక్రపాణి గారు తెనాలివారు, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. "మిస్సమ్మ"లో (1955) మొదట భానుమతినే నాయికగా తీసుకుని కొంత చిత్రీకరణ జరిపాక, ఆమె ఒకనాడు ఆలస్యంగా రావడం, ఆయన క్షమాపణ కోరడం, ఆమె ససేమిరా అనడం, ఆ వేషం సావిత్రికి దక్కడం జగద్విదితం. పిసినారి తాతకు ఆ పేరు పెట్టడం ఆయన మీద చురకేనని కొందరి ఊహ. నిజానిజాలు ఎలా ఉన్నా, ఇద్దరు గుంటూరు జిల్లావాళ్ళు మద్రాసులో ఢీకొంటే అలాగే ఉంటుందని మా వైపువారు ముచ్చటపడుతుంటారు. క్షమాపణ చెప్పని ఆడమనిషిని చూసి మా అమ్మ మాత్రం నవ్వదు. "చెప్పక్కర్లేనంత పాట ఉంది ఆమె దగ్గర" అంటుంది.

దేశంలో భానుమతికి ముందు ఈ పని చేసినవారు లేకపోలేదు. నర్గిస్ తల్లి జద్దన్‌బాయి 1935లోనే తన చిత్రానికి సంగీతం కూర్చింది. బొంబాయి టాకీసులో సరస్వతీదేవి "అఛూత్ కన్య" (1936) పాటలు కట్టింది. ఆమె అసలు పేరు ఖుర్షీద్, పార్సీ పిల్ల, తన మతంవారి ఆగ్రహానికి జడిసి పేరు మార్చుకోవలసి వచ్చింది. ఉషా ఖన్నా 1959లో వచ్చింది. మన తెలుగులో ఎం. ఎం. శ్రీలేఖ 1990లలో. ఈ పేర్ల మధ్య ఎన్నేసి ఏళ్ళ ఎడముందో చూడండి. సినిమా వెలుపల వింజమూరి అనసూయాదేవి (1920–2019) ఉన్నారు. మేనమామ కృష్ణశాస్త్రి గారి గేయాలకు, జానపదాలకు ఆమె హార్మోనియం మీద ప్రాణం పోశారు. బడిలో ప్రార్థన వేళ మనమంతా పాడిన ఆయన దేశభక్తి గీతానికి బాణీ ఆమెదే. ఎన్ని లక్షల మంది పిల్లలు పాడి ఉంటారు! ఆ రాసినాయన పేరు పంతులుగారు చెప్పేవారు, పరీక్షలో అడిగేవారు. బాణీ గాలిలోంచి ఊడిపడిందని అనుకున్నాం.

భానుమతి ఆపైన అనేక చిత్రాలు చేశారు. తమిళ దేశం ఆమెను నెత్తిన పెట్టుకుంది, అణ్ణాదురై గారు నటనకు వ్యాకరణం అని బిరుదిచ్చారు. "అంతస్తులు" (1965), 1966లో పద్మశ్రీ, 1984లో "మంగమ్మగారి మనవడు", ఇవన్నీ మీకు తెలిసినవే గనుక త్వరగా దాటేస్తున్నాను. నేపథ్య గానం నియమమైపోయాక కూడా ఆమె తన పాట తానే పాడుకున్నారన్నది మాత్రం మరువరాదు. 1982లో "భక్త ధ్రువ మార్కండేయ" అని పూర్తిగా పిల్లల చేతనే నటింపజేస్తూ ఒక సినిమా తీశారు. వ్యాపార దృష్టి ఉన్నవారెవరూ ఆ పని చేయరు. పిల్లలకు నేర్పడంలో ఆనందం ఎరిగినవారే చేస్తారు.

1985లో తమిళనాడు ప్రభుత్వం ఆమెను మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా నియమించింది. మూడేళ్ళు పనిచేశారు. అడయారు దగ్గర బ్రాడీ కాసిల్ అనే పాత దొరల కోటలో ఉండే ఆ కళాశాల 1949లో మొదలైంది. ముసిరి సుబ్రమణ్య అయ్యర్ వంటి మహా విద్వాంసుడు దానికి తొలి అధిపతి. ఆయన కూర్చున్న కుర్చీలో అరవయ్యేళ్ళ సినిమా తార కూర్చున్నది. ఆమెకు సంగీతంలో కళాశాల పట్టా లేదు. గురుకులం లేదు. దొడ్డవరంలో తండ్రి ఎదుట కూర్చుని నేర్చిన పాట ఉంది, నలభై అయిదేళ్ళ పాటు మైకు ముందు నిలబడిన అనుభవం ఉంది. సంగీత లోకానికీ సినిమా లోకానికీ మధ్య మద్రాసులో ఎంత ఎత్తు గోడ ఉండేదో తెలిసినవారికి ఆ నియామకం విలువ తెలుస్తుంది. సభలో పాడేవారు సినిమాకు పాడితే ముఖం చిట్లించేవారు, సినిమాలో పాడేవారు సభకు వస్తే చాప చుట్టేవారు. ఆ గోడకు ఆమె తలుపు పెట్టారనను. ఆమె దాన్ని లెక్క చేయలేదు.

నాకు ఇందులో ముఖ్యంగా తోచే విషయం వేరే. ఎవరు ఎవరికి నేర్పవచ్చు, ఎవరు నేర్చుకోవచ్చు అని నిర్ణయించే గది తలుపు ఒకటి ఉంటుంది. తండ్రి చేతి మీదుగా ఆ తలుపు తెరుచుకున్న పిల్ల చివరకు ఆ గదికే యజమానురాలైంది. అదే రైలు దారి మీద ఇంకొంచెం ఉత్తరాన ఉన్న పిల్లకు ఆ తలుపు నెలన్నర మాత్రమే తెరిచి ఉంది. భానుమతి మీద నాకు అసూయ లేదు, ఆమె వల్ల మాకు జరిగిన నష్టమూ లేదు. పైగా ఆ పిల్లకు వినిపించిన గొంతు ఆమెదే. కానీ ప్రతిభ ఉంటే ఎవరైనా పైకి వస్తారు అనే మాటను ఎవరైనా తేలికగా అంటే నాకు ఆ దగ్గరగా వేసిన తలుపు గుర్తుకు వస్తుంది.

అమ్మ ట్రైనింగు చదివి ఎలిమెంటరీ స్కూలు టీచరైంది. ముప్పై మూడేళ్ళు రేపల్లె వైపు, బాపట్ల వైపు లంక గ్రామాల్లో, సముద్రం ఒడ్డు పల్లెల్లో పనిచేసింది. అక్కడి పిల్లలకు ఎక్కాలు రావు, బడికి రావడమే గొప్ప. అమ్మ ఎక్కాలకు బాణీ కట్టింది. ఏడో ఎక్కం అన్నిటికంటే కష్టం గనుక దానికి అన్నిటికంటే హాయి అయిన వరస ఇచ్చింది. నెలల పేర్లకు, నదుల పేర్లకు, గుణింతాలకు కట్టింది. పుస్తకంలో గేయాలకు పైనుంచి వచ్చిన బాణీలు ఏవీ ఉండవు గదా, టీచరు ఎలా పాడితే అదే. తుపాను వచ్చిన ఏడు పిల్లలు ఉరుముకు జడుస్తుంటే, తుపాను హెచ్చరికల మీదే ఒక పాట కట్టి ఆడించింది. ఈ మధ్య బాపట్ల బస్టాండులో ఒక నడివయసు మనిషి, "టీచరమ్మ గారూ, మా మనవరాలికి మీ ఏడో ఎక్కమే నేర్పానండీ" అని దండం పెట్టాడు. అమ్మ సిగ్గుపడింది.

ఆ వరసలు నేను జాగ్రత్తగా వింటే రెండు ఆనవాళ్ళు దొరుకుతాయి. ఒకటి భానుమతి గమకం, మాట చివర చిన్న విరుపుతో ఆగే పద్ధతి. రెండోది నాయనమ్మ సోదిలోని ఆ సాగతీత. నేర్పడానికి ఇష్టపడని అత్తగారి పాట, నేర్పడానికి ఎదురుగా లేని సినిమా తార పాట, రెండూ ఆమెలో చేరి ఏడో ఎక్కమయ్యాయి. ఇది రాగమా అని ఒక సంగీత విద్వాంసురాలిని అడిగాను. ఆమె రెండుసార్లు పాడించుకుని విని, అక్కడక్కడ యదుకుల కాంభోజి ఛాయ ఉందన్నారు. నేను ఇంకేమీ అడగలేదు.

భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. చాలా ఏళ్ళ తరువాత, కరోనా రోజుల్లో, నేను "చక్రపాణి" పేర్ల జాబితా అమ్మకు చూపించి, ఆ జోలపాటకు బాణీ కూడా ఆమెదేనమ్మా అని చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. అమ్మ పాట మళ్ళీ పెట్టమంది. కళ్ళు మూసుకుని విని, "తెలుస్తూనే ఉంది గదే. వేరేవాళ్ళు కట్టింది పాడేటప్పుడు గొంతు ఎక్కడో ఒకచోట అడిగి వెళుతుంది. ఇక్కడ అడగకుండా వెళ్ళింది" అన్నది.

అప్పటి నుంచి అమ్మ బాణీలు స్వరపరిచి రాసిపెడుతున్నాను. నాకు స్వరజ్ఞానం అంతంత మాత్రం, నిరుడు హార్మోనియం కొని రాత్రిళ్ళు కుస్తీ పడుతున్నాను. నోటు పుస్తకం మొదటి పేజీలో బాణీ అని రాసి అమ్మ పేరు రాస్తే, కళ్ళజోడు పెట్టుకుని చూసి, కొట్టెయ్యమంది. బడిపిల్లలు అని రాయమంది. పిల్లలు కట్టలేదు గదా అమ్మా అంటే, వాళ్ళు పాడకపోతే నిలిచేదా అంటుంది. నేను కొట్టెయ్యలేదు. మాకిద్దరికీ ఈ విషయంలో ఇంకా తెగలేదు. ఇప్పటికి తొమ్మిది పూర్తయ్యాయి. పదోది తుపాను పాట. దాని చరణం దగ్గర ఆగిపోయింది పని. ఎందుకంటే రాసుకున్నది వినిపించిన ప్రతిసారీ అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, అది కాదు, ఆ రెండో సగం కిందికి దిగాలి అని కొత్తగా పాడుతోంది. నిన్న పాడినది మొన్నటిలా లేదు. చెరిపి మళ్ళీ రాస్తున్నాను.